వైద్యురాలి వేషం

గుంతకల్లులో భారతి నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్ నెట్ సెంటర్‌గా మారాక, ఆదివారాలు నలుగురు రైల్వే ఉద్యోగులతో కలిసి ఆమె కూడా కంప్యూటర్ ఆటకు కూర్చునేది. ఆటలో వాళ్లవి కత్తివీరుల వేషాలు, ఆమెది ఎప్పుడూ వైద్యురాలి వేషమే. నడుము నిటారుగా నిలిపి, మీటల వంక చూడకుండానే పది వేళ్లతోనూ వాళ్ల గాయాలు మాన్పేది.

ఆటలో మూడు వారాలుగా వాళ్లను ఓడిస్తున్న రాక్షసుడు ఆ రోజూ నలుగురినీ పడగొట్టాడు. వాడికీ కొనప్రాణమే మిగిలింది.

“పరిగెత్తుక్కా! నీతో కాదు!” అని ఆ నలుగురిలో ఒకడైన తిప్పేష్ అరిచాడు.

భారతి పారిపోలేదు. వైద్యురాలి చేతికర్రతోనే టకటకా బాదింది. రాక్షసుడు కూలాడు. గది ఈలలతో మోతెక్కింది.

“ఇంగ నువ్వూ కత్తివీరుడి వేషం తీసుకోక్కా!” అన్నాడు తిప్పేష్.

“నేను కత్తి పడితే మిమ్మల్ని లేపేదెవరప్పా?” అంటూ భారతి, రాక్షసుడు కూలగానే తెరుచుకున్న నిధిపెట్టె వైపైనా చూడకుండా, పడి ఉన్న నలుగురి దగ్గరికీ తన వైద్యురాలిని పరిగెత్తించింది.