అన్న కారు డిక్కీలోకి నీళ్ళు వచ్చిన ఏడు

అన్న పోయిన రెండో వానాకాలంలో ఒకరోజు కారు డిక్కీ తెరిస్తే లోపల నీళ్ళున్నాయి. స్టెప్నీ టైరు సగం దాకా మునిగి ఉంది. అడుగున పరిచిన గోనెపట్టా మురిగిపోయి వాసన కొట్టింది. అన్న ఉన్నప్పుడు ఆ డిక్కీలో ఎన్నోసార్లు నా పెట్టె పెట్టాను, తీశాను. ఒక్కసారి కూడా తడి తగల్లేదు.

అది గుండ్రటి ముక్కున్న పాత తెల్ల కారు. ఇప్పుడు అలాంటిది రోడ్డు మీద కనబడితే జనం ఆగి ఫోటో తీసుకుంటున్నారు. అన్న దాన్ని మిర్యాలగూడలో ముప్పై ఏళ్ళు కిరాయికి నడిపాడు. రైసుమిల్లు ఓనర్లను హైదరాబాదు తీసుకుపోయేవాడు. నిడమనూరు వైపు నుంచి పురిటి నొప్పుల మనుషులను దవాఖానకు తెచ్చేవాడు. నన్ను సూర్యాపేటలో కాలేజీలో చేర్పించడానికి తీసుకొచ్చింది కూడా అందులోనే. నేను ఆ ఊళ్ళోనే టీచరునై ఉండిపోయాను.

ఒక మధ్యాహ్నం నాగార్జున సాగర్ కిరాయి నుంచి తిరిగొచ్చి, కారు కడిగి, మంచినీళ్ళు తాగి మంచం మీద వాలాడు. మళ్ళీ లేవలేదు. కర్మకాండ అయిన మర్నాడు వదిన కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తీసుకుపో అమ్మాయి. నేను దీన్ని చూస్తూ ఉండలేను."

వాళ్ళకు పిల్లలు లేరు. వదిన కోదాడలో తమ్ముడింటి పక్కన గది తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. నాకు మాత్రం ఆ రోజు ఆమె మాట లోపల గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు తిండి పెట్టిన బండిని పది రోజులు కాగానే వదిలించుకుందే అనుకున్నాను. ఆ తర్వాత మా మధ్య పండగకో ఫోను, అంతే.

ఖమ్మం రోడ్డులోని మెకానిక్కుకు కారు చూపించాను. లావుగా ఉండే పెద్ద మనిషి, పాత బండ్లంటే ప్రేమ ఉన్నవాడు. డిక్కీ మూత చుట్టూ ఉండే రబ్బరు మార్చాడు. మళ్ళీ వాన పడింది, మళ్ళీ నీళ్ళొచ్చాయి. ఈసారి కొత్త రబ్బరుకు పౌడరు పూసి మూత వేసి తెరిచాడు. మూత అంచు పొడుగూతా పౌడరు అంటుకుంది.

"రబ్బరు మంచిగనే పడుతున్నది మేడం. నీళ్ళు గీడికెల్లి వస్తలేవు. యాడికెల్లి వస్తున్నయో తెల్వాలంటే లోపట ఒకరు కూసోవాలె, బయట ఒకరు నీళ్ళు కొట్టాలె. నేనేమో అండ్ల పట్ట. లేదంటే అడుగున ఒక బొక్క కొడ్త, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతయ్. పరేషానే ఉండది."

అన్న కారుకు బొక్క కొట్టడానికి నాకు మనసు రాలేదు. జర ఆగమని చెప్పి కారు ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం వదినకు ఫోను చేశాను.

"వదినా, అన్న ఉన్నప్పుడు డిక్కీల నీళ్ళు వచ్చేవా?"

"ఏటా వచ్చేవి," అంది వదిన. "వానలు మొదలయ్యే ముందు ఒకరోజు నేను లోపల కూర్చునేదాన్ని, మీ అన్న బయటి నుంచి నీళ్ళు పోసేవాడు. ఎక్కడ కారుతుందో చూసి నేను సుద్దతో గుండ్రం చుట్టేదాన్ని. తర్వాత ఆయన అక్కడ లప్పం పెట్టి సందు మూసేవాడు. నీకెప్పుడూ చెప్పలేదా?"

"లేదు."

"నవ్వుతావని చెప్పి ఉండడు. నువ్వొక్కదానివే ఎక్కకు. మూత పడిందంటే లోపలి నుంచి రాదు. ఆదివారం నేను వస్తాను."

కోదాడ బస్సు దిగి నేరుగా వచ్చింది. సంచిలో బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తెచ్చుకుంది. కారు వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకుని, "పైపు ఎక్కడుంది?" అని అడిగింది.

ఆమెకు మోకాళ్ళ నొప్పి. అందుకని నేనే ఎక్కాను. టైరు, గోనెపట్టా ముందే తీసేశాం. కాళ్ళు ముడుచుకుని పక్కకు ఒరిగి పడుకుంటే సరిపోయాను.

"తాళం నా చేతిలోనే ఉంది. నీళ్ళు కనబడితే ఒకసారి కొట్టు. భయమేస్తే గట్టిగా కొడుతూనే ఉండు," అని మూత వేసింది.

టార్చి వేశాను. ముందు కనబడింది నీళ్ళు కాదు. రేకు మీద ఎక్కడ చూసినా సుద్ద గుండ్రాలు. కొన్ని మాసిపోయాయి, కొన్ని నిన్న గీసినట్టున్నాయి. ఒక్కోదాని మధ్యలో ఎండి బిగిసిన లప్పం. ఒక గుండ్రానికి మాత్రం కళ్ళు, ముక్కు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మీసాలు పెట్టి ఉన్నాయి. అవి అన్న మీసాలే.

మూత మీద నీళ్ళు పడ్డాయి. లోపలికి ఒక్క చుక్క రాలేదు. "ఇప్పుడు వెనక అద్దం మీద పోస్తున్నా," అని వదిన గొంతు దూరంగా వినబడింది. కాసేపటికి అద్దం కింది మూల నుంచి సన్నటి తడి గీత బయలుదేరింది. మూత కీలు వెనక నుంచి జారి, టైరు గూడు మీదుగా పాకి, ఎక్కడో అవతల పడుతోంది. మూత వైపే చూస్తే ఎన్నేళ్ళకూ దొరికేది కాదు. గుండ్రం చుట్టి, రేకు మీద కొట్టాను.

బయటికొచ్చి అడిగాను. "వదినా, లోపట ఆ మీసాలు ఏంది?"

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "నన్నొకసారి పోనియ్యి," అంది.

"మోకాళ్ళు?"

"పోనియ్యి అమ్మాయి."

పట్టుకుని ఎక్కించి మూత వేశాను. లైట్ల మీద పోశాను, మళ్ళీ అద్దం మీద పోశాను. లోపలి నుంచి చప్పుడు లేదు. భయమేసి పిలిచాను.

"పోస్తూ ఉండు," అంది.

పోశాను. నీళ్ళు వాకిలి దాటి వీధిలోకి పారాయి. చాలాసేపటికి రేకు మీద చిన్నగా ఒక దెబ్బ వినబడింది. మూత ఎత్తితే వదిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎడమ లైటు దగ్గర కూడా కారుతోంది," అంది. దిగి అరుగు మీద కూర్చుంది. నేను పోయి నల్లా కట్టేసి వచ్చాను. ఆమే చెప్పింది.

"మీ అన్న ఇంట్లో ఎక్కువ మాట్లాడేవాడు కాదు గదా. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం మాట్లాడుతూనే ఉండేవాడు. నేను లోపల, ఆయనకు కనబడను. మొహం చూస్తూ చెప్పలేనివన్నీ అప్పుడు చెప్పేవాడు. పిల్లలు లేరని ఆయనకెట్లా ఉంటుందో ఒక్కసారే చెప్పాడు, అదీ అట్లాగే. కారే చోటు దొరికినా నేను కొట్టేదాన్ని కాదు. కొడితే ఆపేస్తాడని." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇవాళ కూడా చెవి పెట్టి విన్నాను. నీళ్ళ చప్పుడే."

ఆమె పక్కన కూర్చున్నాను. "నువ్వు దీన్ని వదిలించుకున్నవనుకున్న వదినా."

"తెలుసు. ఫోనులో నీ గొంతు వింటే తెలిసిపోయేది."

సోమవారం మెకానిక్కు వెనక అద్దం ఊడదీశాడు. పాత రబ్బరు అప్పడంలా విరిగింది. తుప్పు గీకి, కొత్త రబ్బరు వేసి, మూలల్లో గమ్ము పట్టించాడు. లైటు వెనకకు సైకిలు ట్యూబు ముక్క కోసి బిగించాడు. వదిన స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది.

"లోపట మొత్తం రంగు కొడ్త మేడం, కొత్త బండి లెక్క అయితది," అన్నాడు.

"తుప్పు ఉన్నచోట కొట్టు," అంది వదిన. "మిగతాది ఉండనీ."

వారం తర్వాత పగలంతా వాన కురిసింది. డిక్కీ తెరిచి మూలమూలకూ చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. సంతోషంగా ఫోను చేసి చెప్పాను.

"మంచిదే. ఇక ఎవరూ లోపల కూర్చునే పని లేదన్నమాట," అంది వదిన.

ఆ ఆదివారం కారు వేసుకుని కోదాడ వెళ్ళి, ఆమెను ఎక్కించుకుని మిర్యాలగూడ తీసుకెళ్ళాను. బస్టాండు దగ్గర పంచె కట్టుకున్న ఒక పెద్దాయన కారును చూసి చెయ్యెత్తాడు. ఆగాను. కిటికీలోకి వంగి నన్ను చూసి తడబడ్డాడు.

"ఈ బండి నడిపే ఆయన లేడా బిడ్డా? దవాఖాన కాడికి పోదామని."

నేను నోరు తెరిచేలోపే వదిన వెనక తలుపు తీసింది.

"లేడు పెద్దాయనా. ఎక్కండి, మేం దింపుతాం."

ఆయనను దవాఖాన ముందు దింపాక, ఎటు పోదామని వదినను అడిగాను.

"కాసేపు ఊరికే నడుపు," అని అద్దం దించి, బజారు వైపు మొహం తిప్పుకుంది.