మూడో ఏడాది రాకాసి వేషం

మా మావయ్య పోయాడు. ఊరి నడుమ చౌక్తడాలో నేను పనిచేసే లాయరు గారి ఆఫీసులో పొద్దున్నే కరెంటు పోయి, జెనరేటరు వేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చున్న వేళ అత్త ఫోను చేసింది. "మీ మావ లేచి టీ అడిగినాడే. నాను కలిపి తెచ్చీసరికి ఎల్లిపోనాడు" అంది. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. "పెట్టెనేటి సెయ్యమంటావు?" అని అడిగింది. ఏ పెట్టె అని నేను అడగలేదు. ముట్టుకోవద్దనీ, వస్తున్నాననీ చెప్పాను.

ఆ పెట్టెలో రాకాసి ఉంది. ఇది మావయ్యను తలుచుకుంటూ రాస్తున్నదే గానీ, నా కడుపులో ఇంకో మనిషి మీద మంట కూడా ఉంది. దాచుకోవడం నాకు చేతకాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననొద్దు.

మావయ్య అహ్లోన్‌లో, మా తాతలు బర్మా వచ్చి బస్తాలు మోసిన రేవు పక్కనే, చెప్పుల కార్ఖానాలో పనిచేసేవాడు. రబ్బరు షీటు పరిచి, అచ్చు పెట్టి, పాదం ఆకారంలో అట్టలు కోయడం ఆయన పని. అందుకే కాబోలు, ఎవరెదురొచ్చినా ముందు కాళ్ళ వైపు చూసేవాడు, తర్వాతే మొహం. ఆదివారం వస్తే నన్ను వెంటబెట్టుకుని వీడియో హాలుకు బయల్దేరేవాడు. జపాను వాళ్ళ రాకాసి సినిమాలంటే ఆయనకు ప్రాణం. సముద్రంలోంచి మేడంత బల్లి లేచి, ఊరి మీద పడి, రైళ్ళు నోట కరుచుకుని విసిరేసే సినిమాలు. మాటలన్నీ జపాను భాషలోనే ఉండేవి. మా ఇద్దరికీ ఒక్క ముక్క తెలియదు. మావయ్య తనే కల్పించి తెలుగులో చెప్పేవాడు. టోపీ పెట్టుకున్న సైన్యాధికారి నోరు తెరిస్తే చాలు, "ఓలమ్మ, ఇంటికెల్లి మా ఆవిడికేటి సెప్పేది" అని పక్కనుంచి మావయ్య గొంతు వినపడేది. ఏం అర్థమయ్యేదో గానీ ముందు వరసలో బర్మా వాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వేవారు.

మొదటిసారి నేను జడిసి ఆయన చొక్కాలో మొహం దాచుకున్నాను. ఆయన నా తల పట్టుకుని తెర వైపు తిప్పాడు. "దాని ఈపు సూడు గుంటా. జిప్పు కనపడతందా? లోపల మనిషున్నాడు. ఆ రబ్బర్లో ఉడికిపోతన్నాడు పాపం. ఆడి కష్టం సూడు" అన్నాడు. అప్పట్నుంచి నేను రాకాసిని చూడ్డం మానేసి జిప్పు కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆయన అనే మాట ఇంకొకటుంది. "అది ఊరికినే లేవదే. దాని మానాన అది పడుకుంటే ఎవడో పోయి బాంబేసి లేపినాడు. లేపినోడిదీ తప్పు." సినిమా చివర్న రాకాసి మళ్ళీ సముద్రంలో దిగిపోతే, చచ్చిపోయిందా అని అడిగేదాన్ని. "సావలేదు. కోపం తీరింది, ఎల్లిపోనాది" అనేవాడు.

నాకు ఏడేళ్ళప్పుడు డెంగ్యూ వచ్చింది. మా వాళ్ళలో ఇలాంటప్పుడు అమ్మవారికి వేషం మొక్కుతారు. మూడేళ్ళు వరసగా పులి వేషం కట్టి అమ్మవారి పండగ ఊరేగింపులో గుడిదాకా నడవాలి. దారిలో మనవాళ్ళ గుమ్మం వచ్చినప్పుడల్లా ఆగాలి. ఆ ఇంటి పెద్ద బయటికొచ్చి పసుపునీళ్ళతో వేషం కాళ్ళు కడగాలి. కడిగేదాకా వేషం కదలకూడదు, నోరు విప్పకూడదు. మావయ్య నాకోసం మొక్కాడు. నేను బతికాను. ఆయన పులిని వదిలేసి జపాను రాకాసిని కట్టాడు.

"పులి కాదేటి మొక్కినావు?" అని అత్త నిలదీస్తే, "వేషం అని మొక్కినాను. ఏ జంతువని ఆ తల్లి అడగలేదు" అన్నాడట. కార్ఖానాలో పారేసే రబ్బరు ముక్కలతో ఒళ్ళు కుట్టాడు. వీపు మీద నిలబడే పలకలకు పాదం అట్టలే వరసగా పేర్చాడు. రెండు బారల తోక. వెనక జిప్పు, కావాలనే కనపడేలా. కాలివేళ్ళ దగ్గర మాత్రం మూయలేదు, పసుపునీళ్ళు పడాలి కదా. రెండేళ్ళు ఆ వేషం నడుస్తుంటే వీధంతా వెంటపడింది.

మూడో ఏడు ఊరేగింపు పెద్ద తన కొడుకు చేత పులి వేషం కట్టించాడు. పులి దగ్గర ఎవరూ ఆగలేదు. జనమంతా రాకాసి చుట్టూ మూగారు. గుడి ఇంకో మలుపు దూరంలో ఉండగా ఆ పెద్ద అడ్డం వచ్చాడు. "అమ్మవారి ముందు సెప్పులేటి? సిగ్గు లేదా?" అన్నాడు. రెండేళ్ళు అదే వేషం పక్కన నిలబడి ఫొటోలు దిగిన మనిషి. మావయ్య రాకాసి తల తీసి చేత్తో పట్టుకుని, "కాలు పెట్టని రబ్బరండి ఇది. ఇంకా సెప్పు అవనేదు" అన్నాడు. వినలేదు. నడిరోడ్డు మీద విప్పించాడు. కొబ్బరికాయలు కొట్టే కత్తి తెప్పించి తోక కోయించాడు. చెమటతో తడిసిన బనీనుతో మావయ్య అందరి ముందూ నిలబడిపోయాడు. పదేళ్ళదాన్ని, ఆ తోకను ఇంటిదాకా ఈడ్చుకుంటూ వచ్చాను.

అవమానం ఆయన మర్చిపోయాడేమో గానీ, మొక్కును మర్చిపోలేదు. నేను పరీక్ష తప్పితే, "నా మొక్కు తీరనేదే, అందుకే" అన్నాడు. నా మొదటి కాన్పు నిలవకపోతే, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నన్ను క్షమాపణ అడిగాడు. దాన్ని నేను ఏ జన్మకూ మర్చిపోను. ఏటా పండగ ముందు ఆ పెద్దమనిషి ఇంటికెళ్ళి, ఒక్కసారి నడవనివ్వమని అడిగేవాడు. "సూద్దాం" అనేవాడాయన. ముప్పయ్యేళ్ళు అదే మాట. ముప్పయ్యేళ్ళూ మావయ్య వానలకు ముందు పెట్టె తెరిచి, రబ్బరు అంటుకోకుండా పౌడరు చల్లి, పగిలిన అట్ట తీసి కొత్తది కుట్టేవాడు. చివరికి పాతది ఒక్క ముక్కా మిగల్లేదు, తోక తప్ప. దాన్ని మాత్రం ఒళ్ళుకు కుట్టలేదు. "పర్మిషను వచ్చినాక కుడదాం గుంటా" అనేవాడు.

పదకొండో రోజు ఆ పెద్దమనిషి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "మంచోడు, పాపం. ఆ పిచ్చి ఒక్కటే ఉండీది" అన్నాడు. నా చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. ఆయన మొహాన కొట్టనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. గ్లాసు చేతికిచ్చి, "ఈ ఏడు ఊరేగింపు ఎప్పుడండీ?" అని అడిగాను. చెప్పాడు. ఆయన వెళ్ళాక అత్తను సూది, తెల్లదారం అడిగాను.

"ఆడోళ్ళు కట్టరే" అంది అత్త.

"మొక్కింది ఎవరికోసం?"

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. తోక రెండో అంచు తనే కుట్టింది.

మావయ్య నాకంటే పొడుగేం కాదు. వేషం సరిపోయింది. లోపల రబ్బరు వాసన, పౌడరు వాసన, మావయ్య వాసన. ఊరేగింపు రోజు ఎండలో నాలుగు గుమ్మాలు దాటేసరికి చెమట కళ్ళల్లోకి కారింది. లోపలి మనిషి కష్టం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఐదో గుమ్మం ఆ పెద్దమనిషిది. ముసలాయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. నేను ఆగాను.

ముందు తోక చూశాడు. తెల్లదారం కుట్టు చూశాడు. "ఎవలు లోపల?" అన్నాడు. వేషం మాట్లాడకూడదు. "తియ్యండి దాన్ని" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆయన కోయమంటే కోసే అప్పటివాళ్ళెవరూ మిగల్లేదు. డప్పు మోగుతూనే ఉంది. నా వెనక ఊరేగింపంతా ఆగింది, అమ్మవారి పల్లకీతో సహా. ఎదురుగా టీ కొట్టు ముందు కూర్చున్న బర్మా వాళ్ళు ఫోన్లు పైకెత్తారు. నాకేం తొందర లేదు. ముప్పయ్యేళ్ళు ఆగిన వేషం అది.

ఆయన కోడలు పసుపునీళ్ళ చెంబు తెచ్చి చేతికిచ్చింది. "కడగండి మావయ్యా, అమ్మవారు ఎండలో ఉంది" అంది. ఆయన మెట్టు దిగాడు. మోకాళ్ళు పట్టుకుని వంగాడు. రాకాసి నోట్లోంచి నాకు ఆయన బట్టతల కనిపించింది. నీళ్ళు నా కాలివేళ్ళ మీద పడ్డాయి, చల్లగా. అప్పుడు నా మట్టెలు చూశాడు. ఆడమనిషని తెలిసింది, ఏ ఆడమనిషో కూడా తెలిసింది. తలెత్తలేదు. చాలనుకుని లేవబోయాడు.

నేను రెండో కాలు ముందుకు పెట్టాను.

ఆయన మళ్ళీ వంగాడు. జాలి పడ్డానా అంటే, పడలేదు. మావయ్య అయితే పడేవాడు. ఆయన మంచితనం నాకు రాలేదు, వేషం ఒక్కటే వచ్చింది.

తర్వాత నేను గుడి వైపు నడిచాను. మావయ్యను ఆపిన మలుపు దగ్గర ఎవరూ అడ్డం రాలేదు. ఆ గుమ్మం ముందు నిలిచిన పసుపునీళ్ళలో తోక తడిసింది కాబోలు, వెనక రోడ్డు మీద అంతదూరమూ పచ్చటి చార పడిందట. వెనకే నడిచిన అత్త చూసి చెప్పింది. టీ కొట్టు వాళ్ళు తర్వాత చెప్పారు, ఎండకు ఆ చార ఆరిపోయేదాకా ఆయన ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడట.