ఆరో జాకెట్టు

మా మేనత్త ఉదయగిరి బస్టాండు దగ్గర టైలరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆడవాళ్లకు చీర మీదికి జాకెట్లు కుడుతూనే ఉంది. ఆమె కుట్టిన జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉంటుందని వరికుంటపాడు నుంచి కూడా వస్తారు. ఆమె ఒంటి మీద ఉండే జాకెట్టు మాత్రం ఎడమ భుజం నుంచి ఎప్పుడూ జారుతుంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని పైకి లాక్కోవడం ఆమెకు అలవాటు. అది చూసి ఎగతాళి చేయడం నాకు అలవాటు.

"టైలరును మార్చుకో అత్తా" అనేదాన్ని.

"ఆమెకు గిరాకీ ఎక్కువ పాపా. నా గుడ్డ పట్టించుకోదు" అనేది.

నేను ఫ్యాషన్ డిజైనింగ్ చదువుకుని, ఆత్మకూరులో మా మిద్దె మీద గదిలో కూర్చుని, బెంగళూరులో ఉన్న ఒక కంపెనీకి కంప్యూటర్లో బట్టలు కుడతాను. ఈ "కుడతాను" అనే మాట అత్త ముందు పొరపాటున కూడా అనకూడదు.

"సూది ఉండాదా?" అని అడుగుతుంది.

"లేదు."

"దారం?"

"లేదు."

"వేలికి సూది గుచ్చుకోకుండా కుడితే దాన్ని కుట్టడం అంటారా?"

నా పని ఆమెకు చాలాసార్లు విడమరిచి చెప్పాను. ఒక జాకెట్టును నిజంగా గుడ్డతో కుడతారు. అదే జాకెట్టు, అవే కొలతలతో, అవే మడతలతో తెర మీద ఇంకొకటి ఉంటుంది. దాన్ని డిజిటల్ కవల అంటారు. కొనేవాళ్లు ఎక్కడో కూర్చుని దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంటారు. అత్త అంతా విని, తెర మీద తిరుగుతున్న బొమ్మను చూసి, "ఈమె అన్నం తిని ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

నిజానికి సొంతంగా ఒక బట్టల కలెక్షన్ చేయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. కంపెనీవాళ్లు వాడే బొమ్మకు నడుమే ఉండదు. మా వైపు ఆడవాళ్ల ఒళ్లను పోలిన బొమ్మల మీద జాకెట్లు చూపిస్తానని రాసి పంపాను. వాళ్లు ఒప్పుకున్నారు. ఆరుగురు ఆడవాళ్లు, ఆరు జాకెట్లు, ఆరు కవలలు. ఇద్దరు బెంగళూరు నుంచి వచ్చి చూస్తారు. ప్రతి జాకెట్టూ మనిషి మీద ఎలా కూర్చుందో, కవల తెర మీద అలాగే కూర్చోవాలి. ఆరూ సరిపోతే అది నా పేరుతో వచ్చే మొదటి కలెక్షన్. సరిపోకపోతే మళ్లీ వేరేవాళ్ల చొక్కాలకు తెర మీద గుండీలు పెట్టుకుంటూ బతకాలి. ఆ అవకాశం నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను. నిద్రలో కూడా కాలర్లు కనపడేవి.

గుడ్డ నేను తెచ్చాను. హుక్కుల బదులు చెక్క గుండీలు పెడదామని, ఉదయగిరిలో గరిటెలు చెక్కే ఆయన చేత చేయించాను. తెర మీది గుండీకి ఆ చెక్క చారలు తెప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయనకు గుండీ చెక్కడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సంగతి అత్తకు ఎవరు చెప్పారో తెలియదు కానీ, వారం రోజులు అదే మాట.

ఆడవాళ్లను అత్తే కుదిర్చింది. అందరూ అత్త వెళ్లే చర్చి స్త్రీల సమాజంలో వాళ్లే, అత్త దగ్గర కుట్టించుకునేవాళ్లే. వాళ్లలో ఒకావిడ హైస్కూల్లో లెక్కల టీచరు.

మా వైపు ఒంటికి టేపు పెట్టించుకునే ఆడవాళ్లు తక్కువ. బాగా సరిపోయిన జాకెట్టు ఒకటి తెచ్చి టైలరుకు ఇస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటారు. దాన్ని చూసి కొత్తది కుట్టాలి. ఎప్పుడూ వచ్చేవాళ్లు తమ ఆదిని అత్త దగ్గరే వదిలేశారు. అవన్నీ ఒక పెద్ద బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బా మూత తీయగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాకన్నా ముందే ఈ ఊళ్లో కవలలు తయారై ఉన్నాయి. టేపు పట్టుకుని ఆరుగురి వెంట తిరిగే పని తప్పింది.

ఆరుగురివీ తీసి పక్కన పెడుతుంటే డబ్బా అడుగున చందనం రంగు జాకెట్టు ఒకటి కనిపించింది. గుడ్డ పలచబడిపోయి ఉంది.

"ఇదెవరిది?"

"అది నీ పనికి రాదులే. ఆణ్నే పెట్టెయ్" అంది అత్త. తర్వాత నా ముందున్న ఆరు ఆదులనూ చూసి, "వీటితోనే చేసేస్తావా? ఆదొక్కటే చాలంటావా?" అని అడిగింది.

"చాలు" అన్నాను. అంత ధీమాగా చెప్పాను.

ఆరింటినీ అంగుళం అంగుళం కొలిచి కంప్యూటర్లో ఆరు బొమ్మలు చేశాను. వాటికి కుట్టిన జాకెట్లు తెర మీద ముచ్చటగా కూర్చున్నాయి. ఆ కొలతలనే కాగితాల మీద అచ్చు తీయించి, అతికించి, అత్తకు ఇచ్చాను. "ఈ గీత మీదే కుట్టాలి అత్తా. అర అంగుళం కూడా అటూ ఇటూ పోకూడదు" అన్నాను. అత్త ఆ కాగితాల వైపు చాలాసేపు చూసింది. "సరే, నువ్వు చదువుకున్నదానివి" అంది. ఆ మాటలో ఏదో ఉందని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బెంగళూరువాళ్లు రావడానికి పది రోజుల ముందు చర్చి హాల్లో తొడిగి చూసుకున్నాం. మొదట టీచరు పరదా వెనక్కి వెళ్లి వేసుకుని వచ్చింది. గుండీకీ కాజాకీ మధ్య మూడు వేళ్ల సందు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. రెండు వేళ్ల సందయింది. అంతకన్నా ముందుకు రాలేదు. తర్వాతి ఆవిడకూ అంతే. ఆరుగురిలో ఒక్కరికి కూడా గుండీ పడలేదు.

వాళ్లు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. "మన కాడ లో వోల్టేజీ గదా. కంప్యూటర్ సరింగా కొలిచి ఉండదు" అంది ఒకావిడ. మిగతావాళ్లు అవునంటే అవునన్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పది రోజులే ఉన్నాయి, తేడా ఎంతో ఇప్పుడే తెలియాలి. టేపు తీసి టీచరు చుట్టూ పెట్టాను. "మేడం, మీ ఆదికీ మీకూ నాలుగున్నర అంగుళాలు తేడా ఉంది" అని హాలంతా వినబడేలా చెప్పాను. అంతటితో కూడా ఊరుకోలేదు. అక్కడ సండే స్కూలు నల్లబోర్డు ఉంటే, దాని మీద ఒకటో నంబరు వేసి, ఆ నాలుగున్నరను సుద్దముక్కతో పెద్దగా రాశాను. కింద మిగతా అయిదుగురికీ నంబర్లు కూడా వేసి పెట్టుకున్నాను.

అత్త లేచి వచ్చి కొంగుతో బోర్డు తుడిచేసింది. టీచరు పరదా వెనక్కి వెళ్లి, జాకెట్టు మార్చుకుని, కొత్తదాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికి ఇచ్చింది. "పేపర్లు దిద్దేది ఉండాదమ్మా" అని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక నేను ఏడిచాను. అత్త నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. అంగడికి వచ్చాక మిషను ముందు కూర్చుని జాకెట్ల పక్క కుట్లు విప్పుతూ చెప్పింది.

"ఆది సగమే పాపా. మిగతా సగం చెవిలో చెప్తారు. 'ఆదికన్నా రెండు వేళ్లు వదులు పెట్టక్కా' అంటారు. కొందరు అది కూడా చెప్పరు, నవ్వతారు. నేను అర్థం చేసుకుని పెట్టేస్తా. మరుసటేడు ఇంగో రెండు వేళ్లు. ఆది మాత్రం అదే. పెళ్లినాటిది."

"కొత్త ఆది ఇవ్వొచ్చు కదా."

"ఎందుకిస్తారే? అది సరిపోయిన రోజు ఒకటి ఉండాది. అది నాకాడ బద్రంగా ఉంటాదని వాళ్ల దైర్యం."

"ఇదంతా నాకు ముందే చెప్పొచ్చు కదా అత్తా."

"చాలన్నావు గదా" అంది.

విప్పిన కుట్ల లోపల చూస్తే రెండు పక్కలా గుడ్డ వదిలి ఉంది. నా గీతకు అవతల, కావలసినంత. "గీత మీద కుట్టమన్నావు, కుట్టినా. లోపల ఎంత గుడ్డ వదలాల్నో నీ కాగితంలో లేదు" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మూడు రోజుల్లో అయిదు జాకెట్లు సరిపోయాయి. ఆ అయిదింటినీ కొలిచి నా కవలలను సరిచేసుకున్నాను. ఎవరి ఒంటి అంకె ఎంతో అత్త చెప్పలేదు, నేను అడగలేదు.

ఆరోది మాత్రం మిగిలిపోయింది. టీచరు ఇంటికి వెళ్లి తప్పయిపోయిందని చెప్పాను. ఆవిడ కూర్చోబెట్టి టీ ఇచ్చింది, మా అమ్మానాన్నల బాగోగులు అడిగింది. జాకెట్టు సంగతి ఎత్తితే, "అది వదిలెయ్యమ్మా" అంది. ఇంకొకరిని అడుగుదామంటే, బోర్డు సంగతి అప్పటికే ఊరంతా తిరిగింది. నన్ను చూస్తే ఆడవాళ్లు పైట సర్దుకుని పక్కకు తప్పుకునేవాళ్లు. నాలుగు రోజులే ఉన్నాయి. అయిదుతో కంపెనీ ఒప్పుకోదు.

"నువ్వు వేసుకో అత్తా" అన్నాను.

"నాకెందుకే ఈ వయసులో" అని నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"నీ ఆది ఇవ్వు. అందులో లేని సగం కూడా చెప్పు" అన్నాను.

డబ్బా అడుగు నుంచి ఆ చందనం రంగు జాకెట్టు తీసి ఇచ్చింది.

"ఇది నీదా?"

"మీ అవ్వది. అమ్మ పోయినాక డబ్బాలో మిగిలిపోయింది. దీన్ని చూసే కుట్టుకుంటా. భుజం రవ్వ జారతాది, అంతే."

"నీ కొలతలతో కుట్టుకోవచ్చు కదా అత్తా, ఇంత టైలరువి."

"నా ఈపు నేను ఎట్టా కొలుచుకునేది? నాకెవురు టేపు పెడతారు?"

ఆ భుజాన్ని చూసి నేను ఎన్నేళ్లు నవ్వానో లెక్క లేదు. చాలా సిగ్గేసింది. అంగడి పరదా లాగి, ఆమె మెడలో ఉన్న టేపు తీసుకున్నాను. ఊరందరి కొలతలూ చెవిలో విన్న మనిషి తన చేతులు పైకెత్తడానికి మొహమాటపడింది. భుజం, వీపు, చుట్టుకొలత మెల్లగా కొలిచాను. పైకి ఒక్క అంకె చదవలేదు. చివర్లో ఆమె నా చెవి దగ్గరికి వంగి ఒక మాట చెప్పి, "రాయబాకు" అంది. నేను రాయలేదు.

ఆ నాలుగు రోజుల్లో కుట్టు ఆమెది, కవల నాది. బెంగళూరు నుంచి ఇద్దరు వచ్చారు. ఒక్కొక్కరూ వచ్చి నిలబడితే తెర మీద వాళ్ల కవల తిరిగింది. చివరికి అత్త వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ కుడిచేయి ఎడమ భుజం దాకా వెళ్లింది. అక్కడ లాగడానికి ఏమీ లేదు. చేయి కాసేపు అక్కడే ఉండి దిగింది. ఆరూ సరిపోయాయని వాళ్లు రాసుకున్నారు.

తర్వాతి వారం ఆరు జాకెట్లనూ కొరియర్లో పంపాలి. ఉదయగిరి బస్సులో అత్త పంపిన సంచి ఆత్మకూరులో విప్పితే అయిదే ఉన్నాయి. ఫోన్ చేశాను.

"ఆరోది ఏది అత్తా?"

"ఏసుకోనుండా."

"అది కంపెనీది."

"ఇంగోటి ఉండాది గదా నీ కంప్యూటర్లో. అచ్చం ఇట్టాంటిదే అంటివి. దాన్ని పంపించు."

"నీకు ఇంకోటి కుట్టుకోవచ్చు కదా."

"కుట్టుకుంటా. దేన్ని చూసి కుట్టుకునేది? దీన్ని చూసే గదా" అంది.

అయిదు జాకెట్లూ, ఆరు కవలలూ పంపాను. కంపెనీ పట్టికలో ఆరో జాకెట్టుకు ఎదురుగా, వస్తువు ఎక్కడ ఉంది అనే గడి ఖాళీగా ఉంది. అందులో "వాడుకలో ఉంది" అని రాశాను.