బాన్సువాడలోనే విదేశంలో ఉన్న నెల

పన్నెండేండ్లు బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పిన. ముప్పై దాటినంక నాకు బేకరీ పని మీద మనసు పడ్డది. ఒక ఎండాకాలం సెలవుల్లో కుక్కర్ అడుగున ఉప్పు పోసి బన్నులు కాల్చిన. మొదటివి రాళ్ల లెక్క అయినయి. నాలుగో రోజు ఒకటి పొంగింది. దాన్ని చీల్చి చూసినంక ఇగ బడికి పోబుద్ధి కాలేదు.

రెండేండ్లు ఊగిసలాడి, చివరికి ఒక చలి దేశంలో ఏడాది బేకరీ కోర్సుకు దరఖాస్తు పెట్టిన. బీర్కూర్‌ల ఆఫీసులో పనిచేసే మా ఇంటామె, ఏడాదే కదా, పోయి నేర్చుకొని రమ్మన్నది. సీటు వచ్చింది. సీటొస్తే వీసా వచ్చినట్టే అనుకొని నేను బడికి రాజీనామా ఇచ్చిన. శాలువా కప్పిండ్రు, చక్రాల సూట్‌కేసు ఇచ్చిండ్రు. నా జాగల నా దగ్గర చదువుకున్న అమ్మాయినే టీచరుగా పెట్టుకున్నరు. గేటు మీద నా ఫోటో, పక్కన విమానం, "విదేశాలకు వెళ్లిన మా లెక్కల సారు" అని పెద్ద ఫ్లెక్సీ కట్టిండ్రు.

ఏప్రిల్ ఆఖరుకు వీసా ఇవ్వడం లేదని ఉత్తరం వచ్చింది. కారణాలు రెండు. ఇన్నేండ్లు చేసిన పనికీ ఈ చదువుకూ పొంతన లేదు. చదువు అయినంక నేను తిరిగి ఇంటికి పోతనన్న నమ్మకం వాళ్లకు లేదు. మొదటిది నిజమే. పొంతన లేని పని కావాలనే కదా నేను దరఖాస్తు పెట్టింది. రెండోదానికి మా ఇంటామెకు కోపం వచ్చింది. కూరగాయలకు పోతేనే ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసే మనిషి, తిరిగి రాకుండ ఎక్కడ ఉంటడని ఆమె బాధ.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి సంగతి చెప్పిన. ఆయన కుర్చీల నుంచి లేచి ముందు తలుపు వేసిండు.

"ఫ్లెక్సీ చూసి అడ్మిషన్లు వస్తున్నయి సారూ. జూన్ అయ్యేదాక మీరు జర బజార్ల కనపడకండి" అన్నడు.

మరి నేను ఎక్కడ ఉండాలె అని అడిగితే, ఆయన కొంచెంసేపు నిజంగనే ఆలోచించి, ఇంట్లో ఉండొచ్చని చెప్పిండు.

నవ్వు రావాల్సిన మాట. నాకు మాత్రం సిగ్గయింది. ఎందుకు పోలేదని ఊరంతా అడిగే కంటే పోయినట్టు ఉండుడే మేలనిపించింది. అట్ల నెల రోజులు నా ఊళ్లోనే నేను విదేశంలో ఉన్న. తప్పక బయటికి పోవాల్సి వస్తే హెల్మెట్ పెట్టుకొని పోయేటోణ్ని. బండి రిపేరుల ఉండె, కాబట్టి నడక. మే నెల ఎండలో హెల్మెట్‌తో నడిచే మనిషిని జనం ఆగి చూసేటోళ్లు.

నెల కావస్తుండగ, పాల దుకాణం కాడ నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల తల్లి ఎదురొచ్చింది. నడక చూసి గుర్తుపట్టినట్టున్నది.

"సారూ, అక్కడ చలి ఎట్లున్నది?" అని మెల్లగ అడిగింది.

"బాగనే ఉన్నదమ్మా" అన్న. చెమట కళ్లల్లకు కారుతున్నది.

ఆమె పాల ప్యాకెట్లు తీసుకొని, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పోయింది. ఆమెకు అంతా తెలుసని ఇంటికి వచ్చినంక గాని నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం హెల్మెట్ అటక మీద పెట్టి, ఉత్త తలతో మా బజారు చివరి బేకరీకి పోయిన. బేకరీ నడిపే పెద్దమనిషిని అందరు ఉస్తాద్ అంటరు. పని నేర్పమని అడిగిన.

"లెక్కల సారువు, నీకు పిండి పని ఎందుకు?" అన్నడు.

దీనికి నా దగ్గర ఐదు పేజీల జవాబుండె, వీసా కోసం ఇంగ్లీషులో రాసింది. అందులో ఒక్క వాక్యం కూడ ఆయనకు చెప్పేటట్టు లేదు. పిండి పొంగుతుంటే చూడబుద్ధి అయితదని మాత్రం అన్న. ఆయన తల ఊపిండు.

"నేర్చుకున్నంక పోతవా, ఈడనే ఉంటవా?"

ఈ ప్రశ్నకు నేను ఎప్పటి నుంచో తయారుగ ఉన్న. ఈడనే ఉంట, ఎటూ పోనని గట్టిగ చెప్పిన.

"అట్లయితే ముష్కిల్. దుకాణం చిన్నది, ఇద్దరికి సరిపోదు. నేర్చుకొని పోతనంటేనే నేర్పిస్త."

పోతనని మాట ఇచ్చిన. కావాలంటే రాసిస్తనని కూడ అన్న. అక్కర్లేదన్నడు.

తెల్లారి నుంచి ట్రేలు కడుగుడు, పిండి పిసుకుడు. రోజూ ఆ ఫ్లెక్సీ కింది నుంచే పనికి పోయేటోణ్ని. ఎవరూ తలెత్తి పోల్చి చూడలేదు. నేను గ్రాములు రాసుకుంటుంటే ఉస్తాద్ నా నోట్‌బుక్ పక్కన పెట్టి, చెయ్యి పట్టుకొని పిండిలో ముంచిండు. ఎంత మెత్తగుంటే చాలునో వేళ్లకే తెలవాలన్నడు.

ఇరవై రోజులకు నేను ఒక్కణ్నే చేసిన బన్నుల ట్రే భట్టీల నుంచి బయటికి వచ్చింది. సగం వంకరగ ఉన్నయి. ఉస్తాద్ ఒకటి తిని, మిగతావి అద్దాల పెట్టెలో ముందు వరుసల పెట్టిండు. మధ్యాహ్నం దాక నేను రోడ్డు దిక్కే చూస్తూ నిలబడ్డ. చివరికి బస్సు దిగి వచ్చిన ఒక అవ్వ నాలుగు కట్టించుకొని పోయింది. వంకర సంగతి అడగలేదు.