పిట్ట ముట్టిన సీతపండు

"మూడో గుట్ట మీద సీతపండ్లు మాగేసిన. నాలుగొద్దులైతె పండుతయి. పోయి తెచ్చుకో."

"నువ్వే పోయి తెచ్చుకో. నా కాళ్లేమన్న ఇనుముతోటి చేసినయా?"

మా ఆయనతో నేను ఆడిన చివరి మాట అదే. మర్నాడు పొద్దున పత్తిచేను గట్టు మీద కూలబడ్డాడు. మక్తల్ దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలోనే ప్రాణం పోయింది. మా చెల్లె బిడ్డ పక్కన కూర్చుని రాస్తోంది కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు చెరువు కింద పిట్టకు పెట్టాం. అన్నం, కోడికూర, కల్లు, ఆయన తాగే బీడీ, అన్నీ విస్తరిలో ఉన్నాయి. తుమ్మచెట్టు నిండా కాకులు. ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాడి మనసు దేనిమీదో ఉండిపోయిందని అర్థం.

అత్త నా మొహంలోకి చూసింది. "నా కొడుక్కి ఏం తక్కువ చేసినవే?"

నాకు గుట్ట మీది సీతపండ్లు గుర్తొచ్చాయి.

"పొద్దుగూకేదాక చూద్దాం. గప్పటికీ ముట్టకపోతె ఇస్తారి ఎత్తేద్దాం" అన్నాడు మరిది.

కాళ్లు కడుక్కొస్తానని లేచి, కట్ట దాటి గుట్టదారి పట్టాను. మొగుడు పోయి మూడు రోజులు కాని ఆడది గుట్టెక్కిందంటే ఊరు ఊరుకోదు. అందుకే ఎవరినీ తోడు పిలవలేదు.

ఇంటికి తెస్తే పిల్లలు పండకముందే పిసికేస్తారని, కాయలను గుట్ట మీదే బండసందులో ఆకు కప్పి మాగేస్తాం. ఎవరి గుర్తు వాళ్లది. మాది రెండు రాళ్ల నడుమ తంగేడు కొమ్మ. పరాయి గుర్తు ముట్టకూడదు. కోడిని ఎత్తుకుపోయినవాణ్ణయినా మరిచిపోతారు గాని, మాగేసిన పండు ముట్టినవాణ్ణి మరువరు.

పూడిక తీసినాక ఆ ఏడే చెరువు అలుగుదాకా నిండింది. ఆ నీళ్ల వైపు చూడబుద్ధి కాలేదు. మొదటి గుట్ట బోడిబండ. చెప్పులు విస్తరి దగ్గరే వదిలాను, అరికాళ్లు కాలాయి. రెండో గుట్ట మీద గాలి కూడా లేదు, పిట్ట కూత లేదు. దారి మధ్యలో ఎలుగుబంటి పెంట, నిండా నల్లటి సీతపండు గింజలు. ఇంకా తడిగా ఉంది.

వెనక్కి చూశాను. కింద మనుషులు చీమలంత. పొద్దు వైపు చూశాను. ముందుకే నడిచాను, ఆయన్ని గట్టిగా తిట్టుకుంటూ, ఎలుగుకు వినబడేటట్టు.

మూడో గుట్ట మీద తంగేడు కొమ్మ విరిగి పడుంది. రాళ్లు దొర్లి ఉన్నాయి. సందులో తొక్కలు, చీమలు. ఒక్క పండూ మిగల్లేదు.

పది అడుగుల అవతల ఇంకో సందు. గుర్తు ఎర్ర గుడ్డపేలిక. ఎవరిదో తెలియదు. ఆకు తీస్తే కళ్లు విచ్చిన పండ్లు. పొద్దు వాలిపోతోంది. బండ వెనక ఏదో బుస్సుమంది. రెండు పండ్లు కొంగులో వేసుకుని ఉరికాను.

"ఏడికి పోయినవే, సిగ్గులేదా?" అని అత్త అరిచింది.

"నీ కొడుకు మాగేసినయి తెచ్చిన."

పండు చీల్చి విస్తరిలో పెట్టానో లేదో, కాకి దిగింది. అత్త నేల మీద కూలబడి ఏడ్చింది. "తిన్నడు, నా కొడుకు తిన్నడు."

నాకు ఏడుపు రాలేదు. అది ఆయన పండు కాదు.

మా చెల్లె బిడ్డ ఇక్కడ కలం ఆపింది. "పెద్దమ్మా, దొంగతనమని రాయాల్నా?"

"రాయి. ఏటేటా ఆ ఎర్రగుడ్డ సందుల రెండు కాయలు పెట్టొస్తున్ననని గూడ రాయి. ఆకలికి తిన్నదో, ఆయన తినుమంటె తిన్నదో, ఆ కాకికే ఎరుక. అది సరే గని, నువ్వే తెచ్చుకో అన్న మాట మెత్తగ రాసినవా ఏంది? నేను కసిరిన బిడ్డా, కసిరిన. ఏదీ, మొదటికెల్లి జర చదువు. వింట."