తెర పక్క నుంచి అందిన మాట

ఇవాళ నేను పాఠాలు చెప్పే బడి వార్షికోత్సవానికి పిల్లల ముఖాలకు రంగు వేస్తుంటే, కొబ్బరినూనెలో కలిపిన అర్దళం వాసన గుప్పుమంది. ఇప్పుడు మంచి మంచి క్రీములు దొరుకుతున్నాయి కానీ, నేను మొండిదాన్ని, ఆ పాత పసుపు రంగే కావాలంటాను. దాని వాసనకు నర్సింహులు సార్ గుర్తొస్తారు. పెద్దమందడి దగ్గర మా ఊరి బడిలో ఆయన తెలుగు చెప్పేవారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గుసగుసలాడినా వీధి చివరకు వినపడేది.

కొత్తకోటలో అమ్మమ్మ దగ్గర పెరిగి, పదో తరగతికి మా ఊరొచ్చాను. సార్ ఎన్నడో రాసుకున్న నాటకాన్ని ఆ ఏడు మాతో ఆడించారు. ఒక రాజు తన సేనాపతిని అన్యాయంగా చంపిస్తాడు. సేనాపతి కొడుకు పగ తీర్చుకోవడానికి మారువేషంలో రాజు ఇంటికే అతిథిగా వస్తాడు. ఏమీ తెలియని రాజు కూతురు అతనికి అన్నం వడ్డిస్తుంది. ఆ కూతురి వేషం నాది.

"చూసెటోళ్లకు అంత తెలుసు బిడ్డా, నీకొక్కదానికే తెల్వదు. తెలిసినట్టు ముఖం పెట్టినవనుకో, నాటకం ఆడనే కూలిపోతది" అనేవారు సార్. రిహార్సల్లో ఒకసారి నా అమాయకపు మాటలకు ఎవరో కిసుక్కుమంటే, "తెల్వనోళ్లను చూసి నవ్వొద్దు" అని గట్టిగా మందలించారు.

ప్రదర్శన రోజు సాయంత్రం నాటకం మొదలైంది. ముందు వరసలో మా నాయన కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తూ ఆయన్ని చూశాను, అంతే, మాట మరిచిపోయాను. తెర పక్కన పుస్తకం పట్టుకున్న సార్ వైపు చూశాను. ఆయన వెంటనే అందించలేదు. కాసేపటికి ఆ గొంతు వినిపించింది: "మా నాయన ఎవరికీ అన్యాయం చెయ్యడు."

నేను అదే మాట ఇంకా గట్టిగా అన్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నాయన తల దించుకున్నాడు. నా నటనకే అందరూ అలా కదిలిపోయారనుకుని మురిసిపోయాను.

ఇంటికొచ్చాక అమ్మ నా ముఖం మీది రంగు తుడుస్తూ చెప్పింది. "చేని గట్టు పంచాయితీల మీ నాయిన సార్ తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టిండు. ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. ఊరందరికీ తెలుసు, నీకే చెప్పలే."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు సార్ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఆ మాట ముందే తీసేస్తే అయిపోతుండె గద సార్?"

"ఆ పిల్లకు తండ్రి మీద నమ్మకం. దాన్నెట్ల తీసేస్త?" అన్నారు. పుస్తకం మూసి మళ్లీ అన్నారు, "అందియ్యకుండ ఊకుందామని నాకూ అనిపించింది. అబద్ధమెందుకు."

"మరెందుకు అందిచ్చిండ్రు?"

"నువ్వు నా దిక్కే చూస్తుంటివి."

వారం తిరక్కముందే నాయన నాగలి కట్టుకుని సార్ తమ్ముడి చేనికి వెళ్లాడు. ఎవరూ పిలవలేదు. వాళ్లు మాట్లాడుకున్నారో లేదో తెలియదు కానీ, ఆ చేను సాయంత్రానికల్లా దున్నడమైంది.

ఇప్పుడు తెర పక్కన పుస్తకం పట్టుకుని నేను నిలబడుతున్నాను. ఇవాళ రాణి వేషం వేసిన పిల్ల సగం మాటలో ఆగిపోయింది. పొద్దున్నే నాకు ఎదురు మాట్లాడి నన్ను ఏడిపించిన పిల్ల. బెదురుగా నా వైపు చూసింది. మాట అందించాను.