జాకీల మీద పొగపడవ

నా చిన్నప్పుడు నేను కుదురుగా కూర్చున్నది రెండే సందర్భాల్లో అని మా అమ్మ చెప్పేది. ఒకటి, జ్వరం వచ్చినప్పుడు. రెండోది, బడి ఎగ్గొట్టడానికి జ్వరం వచ్చినట్టు నటించినప్పుడు. మిగతా వేళల్లో కువైట్‌లోని మా రెండు గదుల ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కాలు ఒకచోట నిలిచేది కాదు. నోరు అసలే నిలిచేది కాదు.

ఆ నోరే నన్ను ముంచింది. ఆ ఏడు వేసవి సెలవులకు ఊరు వెళ్లాలనీ, రాజమండ్రి రేవులో పాత పొగపడవ ఎక్కి, పెద్ద చక్రం నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటే గోదావరి మీద తాపీగా భద్రాచలం దాకా వెళ్లాలనీ నాన్న అనుకున్నారు. అనుకున్నది నాన్న, చాటింపు వేసింది నేను. సెలవులు ఇంకా ఇవ్వకముందే క్లాసులో అందరికీ చెప్పేసి, పడవలో నా గదికి కిటికీ కూడా పెట్టించేశాను.

తీరా కువైట్‌లో ఉండటానికి కావలసిన నాన్న ఇఖామా రెన్యువల్ కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. ఆ ముద్ర పడకుండా దేశం దాటితే మళ్లీ తిరిగి రావడం కుదరదు. ప్రయాణం ఖలాస్. నాన్న దిగులు నాన్నది, నా దిగులు వేరు. బడి తెరిచిన రోజున మా మిస్ ఒక్కొక్కరినీ లేపి, సెలవుల్లో ఎక్కడికి వెళ్లారో చెప్పమనేవారు. అంత చాటుకున్నాక, ఎక్కడికీ వెళ్లలేదని అందరి ముందూ ఎలా చెప్పను? రెండు రాత్రులు మంచం మీద అటూ ఇటూ దొర్లి, వెళ్లొచ్చానని చెప్పేయడానికే నిశ్చయించుకున్నాను. అబద్ధం ఆడితే ఆడాను గానీ, అతుకు కనబడకుండా ఆడాలి కదా! వివరాల కోసం మా మావయ్యను పట్టుకున్నాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. షువైఖ్‌లో లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. కువైట్ రాకముందు, కుర్రతనంలో, ఆ పొగపడవ ఇంజను గదిలో నూనె పోసే పనిచేశాడు. పడవకి ఎన్ని అంతస్తులు, అన్నం ఎక్కడ పెడతారు, కొండలు ఏ వైపు వస్తాయి అని అడుగుతూ నోట్సులో రాసుకుంటున్నాను. మూడో ప్రశ్నకే ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

"ఎందుకే ఇయన్నీ?"

"ఊరికే."

"ఊరికే అడిగేవోళ్లు పుత్తకంలో రాసుకోరే అమ్మడూ!" అని నవ్వి, ఇంకేమీ అడగలేదు. శుక్రవారం పొద్దున్నే తయారుగా ఉండమన్నాడు. పడవ ఎక్కిస్తాడట.

శుక్రవారం షెడ్డుకి సెలవు. నాన్నా నేనూ పులిహోర గిన్నెతో వెళ్లేసరికి మావయ్య ఒక పాత లారీని వెనకవైపు జాకీల మీద ఎత్తి ఉంచాడు. గాల్లో లేచిన వెనక చక్రానికి చుట్టూ చెక్కలు తీగతో బిగించి, దాని కింద నిలువుగా కోసిన నూనె పీపా పెట్టి నీళ్లు నింపాడు. ఇంజను వేసి గేరు తగిలించగానే చక్రం మెల్లగా తిరిగింది. చెక్కలు నీళ్లను తోడి, షెడ్డు గోడ మీద దబదబా కొట్టాయి. "యల్లా, ఎక్కండెక్కండి! రాజమండ్రి రేవు!" అని అరిచాడు మావయ్య. అందరం లారీ తొట్టిలోకి ఎక్కాం. నాన్న అందులోని గోనెసంచుల మీద నడుం వాల్చి, ధవళేశ్వరమైనా దాటకుండానే గుర్రు పెట్టారు. రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే దారిలో ధవళేశ్వరం రాదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో నా భూగోళం అంత గొప్పది.

మొదటి అరగంట నేను మహారాణిని. తర్వాత కాళ్లు జిలపెట్టాయి. ఎంత దూరం వచ్చామని నిమిషానికోసారి అడుగుతున్నాను.

"కూకోవే తల్లీ, ఇంకా పట్టిసమే రాలేదు!"

మావయ్య చేతిలో ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన వెదురు గడ ఉంది. పొగపడవ ముందు భాగంలో ఒక మనిషి నిలబడి, గడ నీళ్లలోకి దించి లోతు ఎంతుందో పాడినట్టు కేక వేస్తాడట. ఆ కేక వినే సరంగు పడవని నడుపుతాడట. మావయ్య గడని షెడ్డు నేలకి ఆనించి, "రెండు బారలో... బారన్నరో..." అని రాగం తీస్తున్నాడు.

"నేల అంతా ఒకటే కదా మావయ్యా, ప్రతిసారీ ఎందుకు చూడ్డం?"

"అలా అనుకున్నోడి పడవే ఇసక మేటెక్కేత్తది," అని, "మూరెడో!" అని కేకేసి, దిగి వెళ్లి ఇంజను ఆపేసి మళ్లీ ఎక్కాడు. పడవ మేట ఎక్కిందట. వేసవిలో అయితే పూటలకు పూటలు అలాగే ఆగిపోతుందట, దిగడానికి లేదట.

షెడ్డు రేకులు కాగిపోతున్నాయి. పావుగంట ఓర్చుకున్నాను. అదే నా రికార్డు. ఆ తర్వాత ఒక్క దూకు దూకి కింద పడ్డాను.

"పిల్ల గోదాట్లో పడిపోయిందిరో!" అని మావయ్య పెట్టిన గావుకేకకి నాన్న ఉలిక్కిపడి లేచి, నిద్రమత్తులోనే పక్కనున్న తాడు నాకోసం విసిరారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "ఇది పడవా కాదు, గోదావరీ కాదు. అంతా అబద్ధం," అని కాళ్లు నేలకేసి కొట్టాను.

మావయ్య లారీ దిగి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. "అబద్ధం ఎందుకవుద్దే? లారీ అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే ఎక్కాం. రేపు బళ్లో నిలబడి గోదారి తిరిగొచ్చానన్నావనుకో, అదీ అబద్ధమంటే." నా నోట్సు సంగతి ఆయనకి మొదటే తెలుసు. తిట్టలేదు. పులిహోర తిని, మిగతా ప్రయాణం పూర్తి చేసి, భద్రాచలం రేవులో నన్ను చెయ్యి పట్టి దింపాడు.

బడి తెరిచారు. మిస్ నన్ను లేపారు. కిటికీ ఉన్న గది నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆ గడ గుర్తొచ్చింది. మాట కింద మూరెడు లోతైనా లేదు.

"పొగపడవ ఎక్కలేదు మిస్. షువైఖ్‌లో లారీ ఎక్కాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడిచింది గానీ ఎక్కడికీ వెళ్లలేదు."

క్లాసంతా గొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. "అదెలాగమ్మా?" అన్నారు మిస్, నవ్వకుండా. చెప్పడం మొదలుపెట్టాను. గంట కొట్టేదాకా చెప్తూనే ఉన్నాను. చివర్లో, విమానంలో వెళ్లి మంచుకొండలు చూసొచ్చిన పిల్ల నా దగ్గరికి వచ్చి, మీ మావయ్య మమ్మల్ని కూడా ఎక్కిస్తారా అని అడిగింది.

ఇప్పుడు మావయ్య లేడు. మా అమ్మాయి నా అరవయ్యో ఏటికని ఒక పరాయి దేశపు నదిలో, పెద్ద చక్రమున్న పొగపడవలో వారం రోజులకి టికెట్లు కొంది. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. నేను ఇదే కువైట్‌లో, జాబ్రియా ఇంట్లో పెట్టె సర్దేసి, రోజుకి నాలుగుసార్లు తీసి మళ్లీ సర్దుతున్నాను. కాలు ఇప్పటికీ నిలవదు. నోరు మాత్రం కొంచెం నిలుస్తుంది. మాట జారేముందు గడ దించి చూసుకోవడం ఆ రోజు నుంచీ అలవాటు. అప్పుడప్పుడూ మేటెక్కుతాను, ఒప్పుకుంటాను.

నిన్న పెట్టె పక్కన కూర్చున్న మనవడు అడిగాడు. "అమ్మమ్మా, పొగపడవ ఎక్కడం నీకిదే మొదటిసారా?"

గడ దించాను.

"నీళ్ల మీద, ఇదే మొదటిసారి నాన్నా," అన్నాను.